ఉంటాను

ఏప్రిల్ 14, సోమవారం

వంటగది అరలో ఉన్న పాత రేడియో ఇవాళ పలికింది. మా కంటే ముందు ఈ ఇంట్లో అద్దెకున్న వాళ్ళు వదిలేసి వెళ్ళారు. పనిచేయదనుకుని ఇన్నాళ్ళూ దాని మీద చింతపండు డబ్బా పెట్టాను. తుడుస్తుంటే వెనక తీగ కదిలినట్టుంది, ఒక్కసారిగా మగగొంతు పాట అందుకుంది. చేతిలో గుడ్డ కింద పడేశాను.

స్టేషన్ మార్చే మర విరిగిపోయింది. అందుకని ఒక్కటే వస్తుంది. మాటిమాటికీ ‘రిడ్జ్ కంట్రీ’ అంటున్నారు. కంట్రీ అంటే దేశం. అయిదో తరగతిలో చదివాను. దేశభక్తి పాటలు కాబోలు, కూర్చుని వింటే బాగుండదని రెండు పాటలు నిలబడే విన్నాను.

సాయంత్రం బావ వచ్చాక చెబితే నవ్వలేక సోఫాలో పడ్డాడు.

“ఒసే అమ్ములూ, కంట్రీ చికెన్ అంటే ఏంటే?”

“నాటుకోడి.”

“మరి కంట్రీ మ్యూజిక్?”

“నాటు సంగీతమా?”

“అద్దీ! గుర్రం, ట్రక్కు, వెళ్ళిపోయిన పెళ్ళాం. ఆ మూడే టాపిక్స్.”

“పెళ్ళాం ఎందుకు వెళ్ళిపోతుంది?”

“ఇంట్లో రోజూ అవే పాటలు పెడితే పోదా మరి?”

ఎన్నాళ్ళకో ఈ ఇంట్లో ఇంత నవ్వు.

ఏప్రిల్ 16

పొద్దున పూట ఒక పెద్దావిడ మాట్లాడుతుంది. పేరు నొరీన్. అందరినీ ‘డాల్’ అంటుంది. పప్పా, బొమ్మా అని బావని అడిగాను. డార్లింగ్‌ని అలా విరిచేశారట ఇక్కడ.

ఆవిడ మాట నిదానం. కోళ్ళకి గింజలు చల్లుతూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అందుకే నాకు సగమైనా అందుతోంది. జూన్‌లో ఈ రేడియోకి నలభై ఏళ్ళు నిండుతాయట. అప్పటిదాకా రోజుకో పాత సంగతి చెబుతుందట. ఇవాళ్టిది, నాకు తెలిసినంతలో: మొదట్లో స్టేషన్ ఒక కారవాన్‌లో, అంటే చక్రాల మీద ఉండే ఇంట్లో, సంతబయలులో ఉండేది. రికార్డులు తిరిగే పెట్టె వెచ్చగా ఉంటుందని దాని కింద ఒక కోడి గుడ్లు పెట్టింది. గుడ్లు పిల్లలయ్యేదాకా ఆ పెట్టెని ఎవరూ కదపలేదు. ఒక పాట మధ్యలో పిల్లల కిచకిచలు ఊరంతా విన్నది.

నాటుకోడి సంగీతమే. బావ చెప్పింది తప్పేం కాదు.

ఏప్రిల్ 19, శనివారం

సరుకులకి వెళ్ళాం. బిల్లు వేసే అమ్మాయి నన్ను ఏదో అడిగింది. నేను నోరు తెరిచేలోపే బావ, “షీ ఈజ్ షై, నో ఇంగ్లీష్” అన్నాడు. ఆ పిల్ల నవ్వింది. మంచి నవ్వే.

‘ఎలా ఉన్నారు’ అని అడిగింది. అది నాకు తెలుసు. నొరీన్ రోజూ అడుగుతుంది, నేను రోజూ జవాబు చెబుతాను, రేడియోకి.

బావ నాకు కష్టం కలగకూడదనే అంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళికి ముందు, మేనత్త ఇంటికి వెళితే నా వంతు మాటలు కూడా తనే ఆడేవాడు. అమ్మకి జబ్బు చేసి నేను ఏడో తరగతితో బడి మానేసినప్పుడు, ఏడ్చింది కూడా తనే. నేను ఏడవలేదు.

ఏప్రిల్ 21

సిడ్నీ నుంచి దాసన్నయ్య ఫోన్. బావకి పెదనాన్న కొడుకు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆయనకి తెలిసిన ఆఫీసులో బావకి ఉద్యోగం ఉందట. కంప్యూటర్ ముందు కూర్చునేది. బావ చదివిన చదువు. ఇన్నేళ్ళూ ట్రాక్టర్ విడిభాగాలు వ్యాన్‌లో వేసుకుని ఊళ్ళు తిరుగుతున్నది ఆ చదువుకి తగ్గ పని దొరక్కే.

ఆయన భార్య వైశాలి వదిన కూడా మాట్లాడింది. “వచ్చెయ్ అమ్ములూ! మా స్ట్రీట్ మొత్తం మనవాళ్ళే. గోంగూర కూడా వాకింగ్ డిస్టెన్స్!”

ఫోన్ అయ్యాక బావ నా ముఖం చూశాడు.

“ఏమంటావే?”

“నీ ఇష్టం బావా.”

“అక్కడైతే నీకు బాగుంటుంది కదా.”

“ఊఁ.”

“నీకు ఓకేనే కదా?”

“నీ ఇష్టం.”

ఏప్రిల్ 22

నీ ఇష్టం అన్నాను. అంతే కదా అనాల్సింది.

ఏప్రిల్ 25

సెలవు. తెల్లవారుతూనే రేడియోలో బాకా ఊదారు, యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం. ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. ఇవాళ మాత్రం నిలబడి వినడమే సరి అయింది.

బావ ఇంట్లోనే ఉన్నాడు. బంగాళాదుంపలు తొక్క తీస్తూ ఏదో కూనిరాగం. గుర్రం పాట.

“నీకెలా వచ్చు ఇది?”

“వ్యాన్‌లో అదేగా మోగేది. దారి పొడుగునా సిగ్నల్ నిలిచేది అదొక్కటే. గాటన్ వైపు కొండ దిగితే మాత్రం టప్ మని పోతుంది. వినబడదు.”

అంటే పొద్దున ఒకటే పాట ఇద్దరం వింటున్నామన్నమాట. ఆ మాట పైకి అనలేదు.

ఏప్రిల్ 29

బావ రోజూ అన్నం తింటూ ఆ రోజు తిరిగిన ఊళ్ళు చెబుతాడు. ఇవాళ ఓకీ, డాల్బీ, పిట్స్‌వర్త్. డాల్బీలో ఒక ముసలి రైతు బావకి నిమ్మకాయలు ఇచ్చాడు. క్లిఫ్టన్ దారిలో నల్లరేగడి దున్నుతుంటే కొంగలు ట్రాక్టర్ వెనక వరసగా నడుస్తున్నాయట, పెళ్ళి ఊరేగింపులా. వ్యాన్ ఆపి ఫోటో తీశాడు, నాకు చూపించడానికి.

పాపం, ఎంత తిరుగుడో. ఆ ఉద్యోగం వస్తే ఈ అవస్థ తప్పుతుంది.

మే 1

ఇవాళ నొరీన్ చెప్పింది: స్టేషన్‌కి స్తంభం కొనడానికి డబ్బుల్లేకపోతే, ఆవిడ భర్త కీత్ ఎవరి పొలంలోనో విరిగిపడిన గాలిమర ఇనుము తెచ్చి నిలబెట్టాడు. ఇప్పటికీ అదే స్తంభం. గాలి గట్టిగా వీస్తే రేడియోలో ఒక మూలుగు వినిపిస్తుందే, అది అదేనట. నేను మా రేడియో పాడైందనుకునేదాన్ని.

కీత్ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మూలుగు వచ్చినప్పుడల్లా ఆవిడ, “మార్నింగ్, కీత్” అంటుంది.

నేనొక పని చేశాను. స్టేషన్ నంబరుకి ఒక రింగు ఇచ్చి కోసేశాను. మా ఊళ్ళో అమ్మ అలాగే చేసేది. మేనత్త ఇంటికి చేరగానే నేను ఒక రింగు ఇస్తే, అమ్మ తిరిగి ఒక రింగు. ‘చేరాను’, ‘సరే’. మాటలు అక్కర్లేదు.

ఇది ‘విన్నాను’ అని.

మే 2

ఒక రింగు.

మే 5

ఒక రింగు.

మే 6

నొరీన్ రేడియోలో అనేసింది! “రోజూ నా కథ అయ్యాక ఎవరో ఒక్క రింగు ఇచ్చి పారిపోతున్నారు. పిల్లలా, దయ్యమా? ఎవరైనా సరే డాల్, నాకు వినబడుతోంది” అని. ముఖం వేడెక్కి కుళాయి కింద పెట్టుకున్నాను.

ఇంక చేయను.

మే 7

ఒక రింగు.

మే 9

బావ ఉద్యోగానికి కాగితాలు పంపాడు. సరేనన్నారట. జూన్ నెలాఖరుకి వెళ్ళాలి. బావ ఆ మాట చెబుతూ నా వైపు చూడలేదు, చపాతీ ముక్కలు చేస్తూ ఉన్నాడు. అలసిపోయి ఉంటాడు.

“అక్కడ ఈ రేడియో రాదు కదా” అన్నాను. ఎందుకన్నానో.

“ఓసి పిచ్చిదానా! యాప్‌లో వస్తుందే. సిడ్నీ ఏంటి, మీ అమ్మ పెట్టుకున్నా వస్తుంది అవనిగడ్డలో.”

అప్పటికప్పుడు నా ఫోన్‌లో పెట్టిచ్చాడు. చాలా స్పష్టంగా వస్తోంది. స్తంభం మూలుగు లేదు.

సంతోషించాలి. రేడియో కోసమే అయితే సంతోషించాలి కదా.

మే 12, సోమవారం

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

పుట్టినరోజు దగ్గరపడుతోంది కాబట్టి, వినేవాళ్ళందరూ ఫోన్ చేసి ఏ ఊరి నుంచి వింటున్నారో చెప్పమంది నొరీన్. ఊరి పేరు చెబితే చాలట. ఆ స్టేషన్‌కి అదొక ఆచారం. ప్రతి పుట్టినరోజుకీ ఊళ్ళ పేర్లు వరసగా చదువుతారట. ఊరి పేరొక్కటే కదా అనుకున్నాను. ఈసారి కోయలేదు.

“హలో డాల్! వేర్ యూ కాలింగ్ ఫ్రమ్?”

“టూవూంబా” అన్నాను. స్టేషన్ ఉన్న ఊరే మాదీ, అంతకంటే దగ్గరి నుంచి ఎవరూ చేసి ఉండరు.

“అండ్ యువర్ నేమ్?”

“మంగళ.”

చెప్పాల్సింది అయిపోయింది. కానీ ఎలా ముగించాలి? మనం ఠపీమని పెట్టెయ్యం కదా. “ఉంటానండీ” అని, అవతలివాళ్ళు సరే అన్నాక పెడతాం. పెద్దావిడ దగ్గర మర్యాద తప్పకూడదని, ఆ మాటనే మనసులో ఇంగ్లీషు చేసుకున్నాను.

“ఓకే మేడమ్. ఐ విల్ స్టే.”

“లవ్లీ! యూ స్టే దేర్, డాల్.”

ఫోన్‌లో పాట మొదలైంది. ఉండమంది కదా, ఎలా పెట్టేస్తాను? స్టవ్ మీద పులుసు. పాట అయ్యాక మళ్ళీ ఆవిడ: “మంగలా, స్టిల్ దేర్?”

“యెస్ మేడమ్.”

రేడియో ఎక్కడ పెట్టుకుంటావని అడిగింది. చింతపండుని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక, “సోర్ బాక్స్ అండర్” అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో, చాలా బాగుంది అంది. ఇదే అదను అని మళ్ళీ, “ఓకే మేడమ్, ఐ విల్ స్టే” అన్నాను.

“గుడ్ గర్ల్!”

ఇంకో పాట. పులుసు పొంగి స్టవ్ ఆరిపోయింది. మూడోసారి కూడా అదే మాట అనేసరికి ఆవిడకి అనుమానమొచ్చింది.

“డాల్... ఆర్ యూ ట్రయింగ్ టు హ్యాంగ్ అప్?”

“యెస్ మేడమ్” అన్నాను, ఏడుపు గొంతుతో.

ఆవిడ నవ్వు! గాలిమర స్తంభం ఊగిపోయి ఉంటుంది. నాకూ నవ్వొచ్చేసింది. మా భాషలో ఉంటాను అంటే వెళ్ళొస్తానని అర్థం అని, వచ్చిన ముక్కల్లో చెప్పాను. ఆవిడ నవ్వు ఆపి అడిగింది, నిజంగానే ఉండిపోదలిస్తే మీ భాషలో ఏమంటారు మరి, అని.

ఎప్పుడూ ఆలోచించలేదు.

“సేమ్ వర్డ్, మేడమ్” అన్నాను.

తర్వాత ఆవిడ, “ఒకరోజు ఇటు వచ్చి టీ తాగి వెళ్ళు డాల్” అని పాట పెట్టింది.

బావ ఇవాళ గాటన్ వెళ్ళాడు. కొండ దిగి ఉంటాడు. విని ఉండడు.

మే 13

విన్లేదు. పులుసు ఎందుకు మాడిందే అని మాత్రం అడిగాడు. నిద్రొచ్చిందన్నాను.

మే 15

వెళ్ళాను. ఊరికే చూసి వద్దామని.

నడిచి వెళ్ళగలిగేంత దూరమే. స్టేషన్ ఆవిడ ఇంట్లోనే. కర్ర ఇల్లు, నేలకి ఎత్తుగా కాళ్ళ మీద నిలబెట్టింది. వెనక పెరట్లో ఆ స్తంభం, స్తంభం కింద కోళ్ళు. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి తిరిగేసరికి తలుపు తీసి, “వెళ్ళిపోతున్నావా, ఉంటున్నావా?” అంది ఒక పొట్టి ముసలావిడ, చెప్పుల్లేకుండా. గొంతు వినగానే కాళ్ళకి దండం పెట్టేశాను. ఆవిడ నా చెప్పు ఊడిందనుకుని తనూ వంగింది. తలలు కొట్టుకున్నాయి.

నొరీన్‌కి చూపు ఆనడం లేదు. ఎదురుగా ఉన్న మనిషి ముఖం మధ్యలో మబ్బులా ఉంటుందట, అంచులు మాత్రం కనిపిస్తాయట. అందుకని నన్ను పక్కకి తిరిగి చూసింది, కోడి చూసినట్టు. గోడలన్నీ రికార్డులు. వాటి మీద పేర్లు చదవలేక చేత్తో తడిమి గుర్తు పడుతోంది. ఒకటి తీసి, ఇదేమిటో చెప్పు అంది. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాను. తప్పు చదివితే ఆవిడ నవ్వి సరిచేసింది. నిదానంగా చదవడం ఆవిడకి ఇష్టమట. గబగబా చదివేవాళ్ళు ఇంకెక్కడికో పోవాలని చదువుతారట.

బిస్కట్లు పెట్టింది. కొబ్బరిపొడి, బెల్లం లాంటిదేదో వేసి చేసినవి. మా అమ్మమ్మ చేసే కొబ్బరుండ ఎండితే ఇలాగే ఉంటుంది.

బావకి చెప్పలేదు. ఊరికే అలా నడిచొచ్చానన్నాను. సంతోషించాడు. “మంచిదే అమ్ములూ. ఒక్కదానివే ఎంతసేపని గోడలు చూస్తావ్. ఇంకెంత, ఒక నెల. సిడ్నీలో నీకు ఒంటరితనమే ఉండదు” అన్నాడు.

ఎందుకు చెప్పలేదు? చెప్పేంత విషయం కాదు కాబట్టి.

మే 20

బావ డెలివరీకి వెళ్ళగానే వెళుతున్నాను. వంట అయ్యాకే. ఏదీ మానలేదు.

ఇవాళ నొరీన్ ఫోన్ ఎత్తడం నేర్పింది. “గుడ్ మార్నింగ్, రిడ్జ్ కంట్రీ. వేర్ ఆర్ యూ కాలింగ్ ఫ్రమ్?” అంతే. మొదటిసారి నా గొంతు పిల్లి గొంతులా వచ్చింది. అవతల ఎవరో రైతు, పొలంలో గాలి చప్పుడు. “పిట్స్‌వర్త్” అన్నాడు. తెలుసు ఆ ఊరు! అక్కడ పిండిమర పక్కన వ్యాన్ నిలిపితే ఒక నల్లకుక్క వచ్చి బావ లంచ్ డబ్బా వాసన చూస్తుంది. ఆ సంగతి రైతుకి చెప్పాలనిపించింది. కుక్క అనే మాట దాకా చెప్పాను కూడా.

మే 23

నాకు ఒక సంగతి తట్టింది. నొరీన్ చెప్పే చరిత్రలో ఒక చలికాలం లేదు. వరద వచ్చిన ఏడు ఉంది, తప్పిపోయిన వాళ్ళ కబుర్లన్నీ రేడియో చదివింది. కరువు వచ్చిన ఏడు ఉంది, దుకాణాల వాళ్ళు ప్రకటనలకి డబ్బు బదులు బంగాళాదుంప బస్తాలు ఇచ్చారు. ఆ రెంటికీ మధ్య ఒక చలికాలం గురించి ఏమీ చెప్పదు. అడగకూడదేమో అనుకుంటూనే అడిగాను.

నొరీన్ టీ కప్పు కింద పెట్టింది. ఆ చలికాలం రేడియో లేదట. కీత్‌కి బ్రిస్బేన్‌లో పెద్ద స్టేషన్‌లో పని దొరికింది. ఇద్దరూ సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. స్తంభం ఒక్కటీ ఇక్కడ ఊగుతూ ఉండిపోయింది.

“నాకు వెళ్ళాలని లేదు. నేను చెప్పలేదు. ఆయనకీ లేదు. ఆయనా చెప్పలేదు. అక్కడికెళ్ళి ఒక చలికాలమంతా ఒకరినొకరం సంతోషపెట్టుకుంటూ బతికాం డాల్. అంత దరిద్రమైన చలికాలం ఇంకోటి లేదు” అంది. ఇంగ్లీషే, కానీ ప్రతి మాటా అర్థమైంది.

నాది అలాంటిది కాదు. బావకి ఆఫీసు ఉద్యోగం కావాలి. చదువుకున్నాడు. ఇన్నేళ్ళు ఎదురుచూశాడు. నా కథ వేరు.

మే 26

వేరే.

మే 29

అట్టపెట్టెలు తెచ్చాడు బావ. మూల పెట్టాడు. రెండ్రోజులైంది, ఇద్దరం వాటి చుట్టూ తిరిగి నడుస్తున్నాం.

ఇవాళ బావ, “వార్విక్ దారిలో ఇంకో నెలకి కనోలా పూస్తుందట. పొలాలన్నీ పసుపు” అన్నాడు. మన ఆవపూలలాంటివట. “అప్పటికి మనం ఉండంలే” అని తనే అన్నాడు. మజ్జిగ పోయనా అని అడిగాను.

జూన్ 2

రేపు పుట్టినరోజు. ఊళ్ళ పేర్లు నన్ను చదవమంది నొరీన్. రేడియోలో. వద్దన్నాను. “నాకు కనబడవు డాల్” అంది. కాగితం అందుకున్నాను.

బావకి రేపు గాటన్. పొద్దున్నే కొండ దిగేస్తాడు. వినబడదు. అందుకే ఒప్పుకున్నాను.

జూన్ 3, మంగళవారం

పొద్దున పొగమంచు. ఉప్మా చేసి డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. నొరీన్ కొత్త బూట్లు వేసుకుని, కరుస్తున్నాయని విప్పేసింది.

ఊళ్ళు మన మంగలా చదువుతుందని మొదట్లోనే చెప్పేసి, ఆవిడ చరిత్ర మొత్తం చెప్పింది. కారవాన్, కోడిపిల్లలు, గాలిమర, బంగాళాదుంపలు. అక్కడ ఆగింది. గోడ వైపు ముఖం తిప్పుకుంది, అంటే నన్ను చూస్తోందన్నమాట. ఆ తర్వాత నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ చలికాలం గురించి రేడియోలో చెప్పింది. నాకు చెప్పినట్టే చెప్పింది. గాలి లేదు. స్తంభం కూడా మూలగలేదు.

“ఇప్పుడు మన మంగలా మీ ఊళ్ళు చదువుతుంది” అని మైకు నా ముందుకి జరిపింది.

ఎర్రదీపం వెలిగింది. ‘షీ ఈజ్ షై’ అని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

“డాల్బీ” అన్నాను. నిమ్మకాయలు గుర్తొచ్చాయి. “ఓకీ. పిట్స్‌వర్త్.” నల్లకుక్క. “క్లిఫ్టన్.” కొంగల ఊరేగింపు. “వార్విక్.” ఇంకా పూయని పసుపు. కాగితం చూడడం మానేశాను. అన్నం తింటూ బావ చెప్పే వరసలోనే వచ్చేస్తున్నాయి ఊళ్ళు. ఎవరో అపరిచితుల ఊళ్ళు కావవి. మావి.

అయిపోగానే నొరీన్ పాట పెట్టింది. ఎర్రదీపం ఆరింది. ఫోన్ మోగింది. ఎత్తాను.

“గుడ్ మార్నింగ్, రిడ్జ్ కంట్రీ. వేర్ ఆర్ యూ కాలింగ్ ఫ్రమ్?”

లారీ ఒకటి రొద చేసుకుంటూ పోయిన చప్పుడు.

“కొండ అంచు నుంచి” అన్నాడు బావ.

ఫోన్ రెండు చేతులతో పట్టుకున్నాను.

“ఏంటే అమ్ములూ! ఇంట్లో వంట చేసుకుంటున్నావనుకుంటే నా రూట్ మొత్తం చదివేస్తున్నావ్!”

“బావా, నువ్వు గాటన్ వెళ్ళాలి కదా.”

“దిగితే వినబడదు కదే. మొదట్లోనే ఆ పెద్దావిడ మన మంగలా ఈ రోజు చదువుతుందని చెప్పింది. ఏ మంగలానో అనుకుంటూనే పక్కకి ఆపేశా. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నా. లోడు లేటు, మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు.”

“కోపమా?”

“పిట్స్‌వర్త్‌ని ఎంత బాగా అన్నావే! నేను కూడా అలా అనను.”

“నువ్వేగా రోజూ చెబుతావు.”

మళ్ళీ ఒక లారీ. అది పోయాక బావ గొంతు తగ్గించాడు.

“ఆవిడ చెప్పింది విన్నాను. బ్రిస్బేన్ సంగతి.”

“ఊఁ.”

“నీకిక్కడ దిగులుగా ఉందని కదే నేను సిడ్నీకి సరేనన్నది? అక్కడ వైశాలి వదిన ఉంది, గుడి ఉంది, తెలుగు వినబడుతుందని.”

“నీ చదువుకి తగ్గ ఉద్యోగమని కదా నేను ఊరుకున్నది?”

“ఎవరు ఊరుకోమన్నారే నిన్ను?”

“నువ్వు అడిగావా? బాగుంటుంది కదా, ఓకేనే కదా అన్నావు. అది అడగడమా?”

ఇంత గొంతు నాకుందని నాకే తెలియదు. బావకీ తెలియదు. నొరీన్ చేతిలో ఉప్మా చెంచా ఆగిపోయింది.

“నీ చదువు మరి?” అన్నాను, మెల్లగా.

“చదువెక్కడికి పోతుందే? ఇక్కడే వెతుకుతా. దొరికిందాకా నా వ్యాన్ నాకుంది. నిజం చెప్పనా? ఆ ఆఫీసు ఫోటో పంపాడు దాసన్నయ్య. ఒక్క కిటికీ లేదు.”

“నాకు చూపించలేదేం?”

“చూపిస్తే నీ ఇష్టం అంటావు! సరే, ఇప్పుడు అడుగుతున్నా. సరిగ్గా అడుగుతున్నా. వెళ్దామా, ఉందామా? నీ ఇష్టం అన్నావంటే ఊరుకోను.”

ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు. మింగేశాను.

“ఉంటాను” అన్నాను.

“ఏయ్, పెట్టెయ్యకే! అడిగినదానికి చెప్పి పెట్టు!”

“అదే బావా చెబుతున్నాను. ఉంటాను.”

అవతల కొండ అంచున గాలి, అంతే. తర్వాత బావ నవ్వాడో, ముక్కు చీదాడో, రెండూ కలిసిన చప్పుడు.

పాట అయిపోవస్తోంది. నొరీన్ అడిగింది, ఏదైనా పాట అడుగుతున్నారా అని. కాదు, ఊరు చెప్పడానికి చేశారన్నాను. అయితే చదువు మరి అంది. ఎర్రదీపం వెలిగింది.

“వన్ మోర్” అన్నాను మైకులో. “టాప్ ఆఫ్ ది రేంజ్.” కొండ అంచుని ఇక్కడ అలాగే అంటారు.

ఎక్కడో దూరంగా వ్యాన్ హారన్ మోగింది. ఇక్కడిదాకా వినబడదని తెలుసు. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది.

జూన్ 4

బావ దాసన్నయ్యకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. అన్నయ్య వదలడే. అద్దెలు, స్కూళ్ళు, భవిష్యత్తు. “అరేయ్ భార్గవ్, మంచి చాన్స్ రా. ఏదో ఒకటి తేల్చి చెప్పు. వస్తావా, ఉంటావా?”

బావ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

“ఉంటాను అన్నయ్యా.”

“ఆఁ సరే సరే, వర్క్‌లో ఉన్నావా? మళ్ళీ చేస్తాలే, ఉంటా” అని ఆయన పెట్టేశాడు.

చాలాసేపు ఇద్దరం అట్టపెట్టెల మీద పడి నవ్వాం. ఒకటి చితికిపోయింది. మళ్ళీ ఫోన్ చేసి చెప్పాలి. చెబుదాంలే అన్నాడు బావ, రేపు.

చితకని పెట్టె ఒకటి నొరీన్ కోళ్ళకి పట్టుకెళతాను. గుడ్లు పెట్టుకుంటాయి.